పెద్దింట్లమ్మ గుంట

నేను చేప తినను. ఇంతవరకూ ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. ఇరవై ఏళ్లుగా నా బతుకంతా చేపల మీదే. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి అని చెబితే మా పెనుగొండలో పగలబడి నవ్వుతారు. ఇక్కడ అంతర్వేదిలో మర్యాదస్తులు, నేను వెళ్లేదాకా ఆగి నవ్వుతారు.

మాది పెనుగొండలో అమ్మవారి గుడి వీధిలో కిరాణా కొట్టు. తాతగారు పెట్టారు, నాన్న నిలబెట్టారు, ఇప్పుడు మా అన్నయ్య ప్రసన్నకుమార్ ఏసీ బిగించి సూపర్‌మార్కెట్ అంటున్నాడు. రెండోవాణ్ణి నేను, గోపాలకృష్ణమూర్తిని. హైదరాబాదులో వాటర్ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు మా మేనేజరు ఓ ఆదివారం నన్ను చెరువు గట్టుకి లాక్కెళ్లి చేతికి రాడ్ ఇచ్చాడు. గంట తర్వాత చేప పడింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక వదిలేశాను. అది ఒక్క క్షణం నా చేతి పక్కనే ఆగి, తోక విదిలించి వెళ్లిపోయింది. ఆ వదలడం నాకు ఎంత నచ్చిందంటే, ఆర్నెల్లలో ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు నేను ఫిషింగ్ గైడ్‌ని. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి గెస్టులు వస్తారు. వాళ్లని పడవలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి, మడ అడవుల్లోని పాయల్లోకి తీసుకెళ్తాను. గోదావరి అనగానే ఊరంతా పులస పులస అని జపం చేస్తుంది గానీ, గాలం పట్టేవాడికి పండుగప్పను మించింది లేదు. మనిషి చెయ్యంత పొడవు, వెండి ఒళ్లు, గాలానికి తగిలిందంటే నీళ్లమీద నిలువునా ఎగురుతుంది. పట్టుకుని, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాం. మా దగ్గర రూలే అది.

పెనుగొండ వెళ్తే మా వదిన సీతారామలక్ష్మిగారు నేను గుమ్మం ఎక్కకముందే పెరట్లో కుళాయి దగ్గర సబ్బూ తువాలూ పెట్టిస్తుంది. ఒక్క మాట అనదు. కొసరి కొసరి వడ్డిస్తుంది. నా కంచం విడిగా కడిగిస్తుందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. పెళ్లి సంబంధాలు మూడు వచ్చాయి, మూడూ నా పని దగ్గరే ఆగిపోయాయి. నాలుగోది నేనే రానివ్వలేదు. రేవు దగ్గర అద్దె గదిలో ఉంటున్నాను. అక్కడి చేపల వేటగాళ్లకి నేను శెట్టిగారిని. పట్టిన చేపని వదిలేసేవాణ్ణి ఏ లెక్కలో వేసుకోవాలో వాళ్లకి తెలియక, ఏ లెక్కలోనూ వేసుకోలేదు. అటు వాళ్లకీ కాక, ఇటు వీళ్లకీ కాక, సాయంత్రాలు ఒంటరిగా అన్నం వండుకుని తినేవాణ్ణి. బాధగా ఉండేదా అంటే ఉండేది. అలవాటైపోయిందని చెప్పుకునేవాణ్ణి.

ఒక్క సురేంద్రతో మాత్రమే నాకు మాట ఉండేది.

సురేంద్ర నా పడవ నడిపేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను సురేంద్రా అని, నువ్వు అని పిలిచేవాణ్ణి, అతను శెట్టిగారండి అనేవాడు. అందులో ఉన్న తేడా నాకు చాలాకాలం కనబడలేదు. గెస్టులు లేని రోజుల్లో కూడా పొద్దున్నే నా గది ముందుకొచ్చి, "నీళ్లు చూసొద్దామేంటండి" అనేవాడు. నీళ్లు చూడ్డమంటే ఏమీ లేదు. ఇంజను ఆపేసి, పోటుకి పడవ ఎటు పోతే అటు పోనిచ్చి, ఇద్దరం కూర్చోవడమే. అతను తెచ్చుకున్న క్యారేజీలో చేపల పులుసు, నా డబ్బాలో పప్పు. "మీ పప్పు వాసనకి చేపలు పారిపోతున్నాయండి" అని ఏడిపించేవాడు.

పదకొండేళ్ల క్రితం, జ్యేష్ఠ మాసంలో ఓ పొద్దున్న, సురేంద్ర నన్ను ఎప్పుడూ వెళ్లని పాయలోకి తీసుకెళ్లాడు. మొగకి కాస్త ఇవతల ఇంజను కట్టేశాడు. గెడ వేసుకుంటూ మెల్లగా వెళ్లి ఒకచోట ఆగాడు. ఏం చెప్పలేదు. తల తిప్పి లైట్‌హౌస్ వైపు చూశాడు, తర్వాత ఎడం పక్క మడచెట్లలో ఉన్న మొండి తాటి వైపు చూశాడు. నేనూ చూశాను. లైట్‌హౌస్ చాటుకి గుడి గాలిగోపురం సగం వెళ్లింది, తాటిమొద్దు సరిగ్గా గట్టు మలుపు మీద నిలబడింది, ఆ రెండూ అలా కుదిరిన చోటే గుర్తు. చుట్టూ మూడు బారల లోతుంటే అక్కడ ఎనిమిది బారల గుంట.

"మా నాయనమ్మ కనిపెట్టిందండి ఇది. ఆవిడ పేరుతోనే పెద్దింట్లమ్మ గుంట అంటాం మా ఇంట్లో. బయటోళ్లకి తెలీదు" అన్నాడు.

వాళ్ల ఇంట్లో ఓ ఆచారం ఉంది. తరానికి ఒక్కరికే ఆ చోటు చూపిస్తారు. వేలు పెట్టి చూపించకూడదు, నోటితో ఆనవాళ్లు చెప్పకూడదు. పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్లి తల తిప్పాలంతే. ఆ తర్వాత మూడు అమావాస్యలకి ఆ చూసినవాడు తనంతట తాను పడవ అక్కడ నిలపగలిగితే, ఆ చోటు వాడిది. నాయనమ్మ సురేంద్ర నాన్నకి చూపించింది, ఆయన సురేంద్రకి. సురేంద్ర కూతురు దేవకుమారి కాకినాడలో నర్సు, పడవెక్కితే వాంతులు.

"నాకెందుకు చూపించావు?" అని అడిగాను.

"మీరు తినరు, అమ్మరు. మీకు చూపిస్తే చేపకి నష్టం ఏంటండి?" అన్నాడు.

మూడు అమావాస్యలకీ నేను పడవ నిలబెట్టాను. మూడోసారి సురేంద్ర నా భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను తనవాడిగా లెక్కేసుకున్న చెయ్యి అది ఒక్కటే. ఆ రోజు గదికొచ్చి తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో తెలిసే ఏడ్చాను.

ఆ గుంట సంగతులన్నీ సురేంద్ర చెప్పినవే. వైశాఖం చివర్నుంచి, గోదావరికి ఎర్రనీరు వచ్చేదాకా, అమావాస్యకీ పున్నమికీ పెద్ద పండుగప్పలు గుడ్లు పెట్టడానికి అక్కడ చేరతాయి. అతను ఒక్కో పోటుకి ఒక్క చేపే, చేతి గాలంతో పట్టేవాడు. అదీ మోచెయ్యి దాటని సైజుదే. పెద్దది తగిలితే వదిలేసేవాడు. "పెద్దవన్నీ తల్లులేనండి. చిన్నవన్నీ పోతులు. పెద్ద పోతు ఒక్కటి కూడా నేను చూళ్లేదు. చిన్నప్పుడు పోతుగా ఉండి, పెద్దయ్యాక తల్లవుద్దేమో మరి" అన్నాడు ఓసారి, తనకే నమ్మకం లేనట్టు నవ్వుతూ. నేను ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో వెతికాను. అక్షరాలా అంతే. శాస్త్రవేత్తలు ఎప్పుడో రాసి పెట్టారు. ఆ పేజీ దొరగ్గానే నేనే కనిపెట్టినంత గొప్పగా అనిపించింది. అప్పట్నుంచి గెస్టులకి ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. వాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. వెనక సురేంద్ర గెడ వేస్తూ ఉండేవాడు. అతనికి ఇంగ్లీషు రాదు.

ఐదారేళ్ల క్రితం నుంచి చేప తగ్గుతూ వచ్చింది. సముద్రంలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పడవలన్నీ మొగలోనే తిరుగుతాయి. సన్నకన్ను వలలు పాయలకి అడ్డంగా గట్టు నుంచి గట్టుకి కట్టేస్తున్నారు. వలలు ఏటేటా గుంటకి దగ్గరవుతూ వచ్చాయి. సురేంద్రా నేనూ దాని గురించి తప్ప ఇంకేం మాట్లాడుకునేవాళ్లం కాదు.

అప్పుడు మత్స్యశాఖ ఓ సలహా కమిటీ వేసింది. అధికారి ఉదయ్‌భాస్కర్‌గారు మంచి మనిషి, ఒకసారి నా పడవలో గెస్టుగా వచ్చినాయనే. ఫోన్ చేసి, "గైడ్ల తరఫున మీరు రండి మూర్తిగారూ. మీలాంటివాళ్ల అనుభవం మాకు కావాలి" అన్నారు. ఈ తీరంలో గైడ్‌ని నేనొక్కణ్ణే కాబట్టి గైడ్ల సంఘం అధ్యక్షుడూ నేనే, సభ్యుడూ నేనే. గర్వంగానే ఒప్పుకున్నాను. మీటింగు అమలాపురంలో. సురేంద్ర తన బండి మీద తీసుకెళ్తానన్నాడు. పొద్దున్నే ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. "ఏంటి సురేంద్రా, పెళ్లిచూపులకా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

మీటింగు హాల్లో నాకో కుర్చీ, నా ముందు నా పేరు రాసిన అట్ట, నీళ్ల సీసా. సురేంద్ర బయట వేపచెట్టు కింద బండి స్టాండ్ వేసి కూర్చున్నాడు. లోపలికి రమ్మనాలని నాకు తోచనే లేదు. పిలుపు ఉన్నది నాకు కదా అనుకున్నాను. అది కూడా అనుకోలేదు, అసలేం అనుకోలేదు.

నా ఎదురుగా మత్స్యకారుల సొసైటీ ప్రెసిడెంటు గణేష్‌బాబు. గట్టి మనిషి, మాట కూడా అంతే. వలల సైజుల మీద గంట సేపు వాదన నడిచింది. చిన్న చేపల్ని పట్టకుండా రూలు పెడదామన్నారు ఎవరో. నేను చెయ్యెత్తి, చిన్నవాటిని కాదు, పెద్దవాటిని వదలాలి అన్నాను. హాలంతా ఒక్కసారి నవ్వింది.

"శెట్టిగారికి చేప రుచే తెలవదు. అలాంటోరు వచ్చి పెద్దది వదిలెయ్యండి, చిన్నది తినండి అని మాకు చెబుతున్నారండి" అన్నాడు గణేష్‌బాబు.

ఆ మాటలో తప్పేం లేదు, నిజమే. కానీ నాకు ఒళ్లు మండింది. చిన్నప్పట్నుంచీ నాకున్న జబ్బు అది, ఎవరైనా నవ్వితే తట్టుకోలేను. కంచం విడిగా కడిగించే వదినని కాదనలేక, నవ్వే అంతర్వేదిని ఏమీ అనలేక, ఇరవై ఏళ్లు మింగినదంతా అప్పుడు పైకొచ్చింది. లేచి నిలబడ్డాను. పెద్దవన్నీ ఎందుకు తల్లులో చెప్పాను. ఏ తిథికి వస్తాయో, ఏ పోటుకి గుడ్లు పెడతాయో చెప్పాను. ఎక్కడ అని ఉదయ్‌భాస్కర్‌గారు అడిగారు. గోడ మీద మ్యాపు ఉంది. నేను నడుచుకుంటూ వెళ్లి, దాని మీద వేలు పెట్టి చూపించాను.

ఫోన్ తీసి జీపీఎస్ అంకెలు కూడా చదివాను. కొట్లో పెరిగినవాణ్ణి, తూకం తప్పదు.

 గణేష్‌బాబు ముందుకి వంగి మ్యాపు చూశాడు. "మూర్తిగారూ, ఇది ఎలా కనిపెట్టారండి?" అన్నారు ఉదయ్‌భాస్కర్‌గారు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. నన్ను అంత గౌరవంగా ఎవరూ చూడలేదు ఎప్పుడూ.

"ఇరవై ఏళ్ల అనుభవమండి" అన్నాను.

చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి వేపచెట్టు కనబడుతోంది. అటు చూడకుండా వచ్చి కూర్చున్నాను.

బయటికొచ్చాక సురేంద్ర లేచి నిలబడ్డాడు. "ఏమన్నారండి?" అన్నాడు. "ఏముంది, ఏవో మాటలు. ఆ వలల గొడవే" అన్నాను. అతను నా మొహం కాసేపు చూసి, బండి స్టార్ట్ చేశాడు. దారిపొడుగునా చొక్కా గాలికి ఎగురుతూ నా మొహానికి తగులుతూనే ఉంది.

రెండు నెలలకి నోటీసు వచ్చింది. మే నుంచి ఆగస్టు దాకా ఆ గుంట చుట్టూ అరకిలోమీటరు మేర వల గానీ గాలం గానీ వెయ్యకూడదు. కింద మ్యాపు, ఎర్ర చుక్క, చుక్క పక్కన పేరు: మూర్తి పాయింట్. రేవులో చేపల షెడ్డు గోడకి అంటించారు. చేపల వేలంపాటలో నిలబడ్డవాళ్లంతా చదివారు. సురేంద్ర కూడా చదివాడు. నేను వెనక నిలబడి అతని వీపు చూస్తున్నాను. చదవడం అయిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాడు.

తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. అప్పటికే బుక్కైన గెస్టుల్ని నెల రోజులపాటు రోజూ టైముకే వచ్చి తిప్పాడు. ఇంజను ఆపమంటే ఆపాడు, గెడ వెయ్యమంటే వేశాడు. "ఆయ్" అనే మాట తప్ప ఇంకోటి రాలేదు నోట్లోంచి. నేనూ క్షమించమని అడగలేదు. మంచి పనే చేశాను కదా, చేపని కాపాడాను కదా అని లోపల్లోపల వాదించుకునేవాణ్ణి. ఆ వాదనలో నేనే గెలిచేవాణ్ణి, గెలిచి గదికొచ్చి అన్నం వండుకునేవాణ్ణి.

ఆఖరి గెస్టు వెళ్లిన రోజు, "పడవ ఇకమీద మీరే నడుపుకోండి. నేను పంటు మీద పనికి కుదిరాను" అన్నాడు. సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పంటు. పొద్దున్నించి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరగడం, తాళ్లు కట్టడం, బళ్లు దిగడానికి తలుపు దించడం. మొగంతా తెలిసినవాడు ఆ కాస్త నీళ్ల మీద తిరుగుతున్నాడు. పెనుగొండ వెళ్లాలంటే నేను ఆ పంటు ఎక్కాల్సిందే. ఎక్కినప్పుడు "బాగున్నారాండి" అనేవాడు. "బాగున్నాను" అనేవాణ్ణి. నర్సాపురం వచ్చేసేది.

రెండేళ్లు గడిచాయి. నా సలహా ఫలించింది, ఈ మాట నిజంగానే చెబుతున్నాను. మొదటి ఏడాది కొన్ని దొంగ వలలు పడ్డాయి, గణేష్‌బాబే మనుషుల్ని పెట్టి తీయించాడు. రెండో ఏడాది పాయల్లో పిల్లలు గుంపులు గుంపులుగా కనబడ్డాయి, వేటగాళ్లకి మోచెయ్యంత చేపలు మళ్లీ పడుతున్నాయి. నిషేధం ఉన్న రోజుల్లో అక్కడికి వెళ్లి చేపల్ని లెక్కపెట్టే అనుమతి శాఖవాళ్లు నాకు ఇచ్చారు. ఫిష్ ఫైండర్ తెర మీద వాటి గీతలు కనబడతాయి. పెద్ద గీత కనబడినప్పుడల్లా నోరు తెరుస్తాను, చెప్పడానికి పడవలో ఎవరూ ఉండరు. నా పప్పు డబ్బా వాసనకి పారిపోతున్నాయనేవాళ్లూ లేరు. నా జీవితంలో ఇంత సరైన పని ఇంకోటి చెయ్యలేదు, ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఈ ఏడాది రాజమండ్రిలో వర్క్‌షాపు పెట్టారు. "మత్స్య వనరుల నిర్వహణలో ఫిషింగ్ గైడ్ల పాత్ర" అని పేరు, పలకాలంటే మధ్యలో ఓసారి ఊపిరి తీసుకోవాలి. ప్రధాన వక్తని నేను. రాజోలు మీదుగా బస్సులో పోవచ్చు. అయినా ముందు రోజు పంటే ఎక్కాను.

మధ్యాహ్నపు ట్రిప్పు, జనం పెద్దగా లేరు. సురేంద్ర చివర్న తాడు చుడుతున్నాడు. దగ్గరికెళ్లి నిలబడ్డాను.

"రేపు రాజమండ్రిలో మీటింగు. నువ్వు కూడా రా సురేంద్రా. ఆ చోటు నువ్వు చూపించిందేనని నీ ఎదురుగా అందరికీ చెబుతాను."

"ఇప్పుడెందుకండి" అన్నాడు, తాడు చుడుతూనే.

"అప్పుడు చెప్పలేదు కాబట్టి."

"ఆ రోజు నేను బయటే ఉన్నాను కదండి. ఒక్క కేక వేసుంటే వచ్చేవోణ్ణి."

"వస్తే చెప్పొద్దనేవాడివి" అన్నాను. రెండేళ్లుగా రోజూ నాకు నేను చెప్పుకున్న మాట అది. దాని మీదే నిలబడి ఉన్నాను.

సురేంద్ర తాడు కింద పెట్టాడు. "ఎందుకొద్దంటానండి? నేనే చెప్పేవోణ్ణి. వలలోళ్లు దగ్గరికొచ్చేశారు, ఇవాళ కాకపోతే రేపు కనిపెట్టేత్తారు. గవర్నమెంటోళ్లకి చెప్పేస్తే నయమని ఆ ఏడాది నేనే అనుకుంటున్నాను. అందుకే కదండి మిమ్మల్ని నేను తీసుకెళ్తానన్నది. లోపలికి పిలుస్తారేమోనని చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాను."

నేను వంగి, అతను కింద పెట్టిన తాడు చేతిలోకి తీసుకున్నాను.

"మా నాయనమ్మ పేరు పెట్టమని అడుగుదామనుకున్నాను. అంతేనండి" అని, అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే లేచి తలుపు గొలుసు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా రాజమండ్రి లాడ్జీలో ఇదే తిరిగింది బుర్రలో. అతనికి ద్రోహం చేసినా చేపకి మేలు చేశానని అనుకుంటూ వచ్చాను. ఆ ద్రోహం కూడా అక్కర్లేదట. చేపని కాపాడ్డానికి నేను మోసం చెయ్యాల్సిన పనే లేదు. తలుపు తీసి ఒక్కసారి సురేంద్రా అంటే చాలట. అదే చేప, అదే నోటీసు ఉండేవి. నా పక్కన సురేంద్ర ఉండేవాడు.

మర్నాడు స్లైడ్లు పక్కన పెట్టేసి మైకులో చెప్పాను. "ఈ చోటు పేరు మూర్తి పాయింట్ కాదండి, పెద్దింట్లమ్మ గుంట. కనిపెట్టింది పెద్దింట్లమ్మగారు. నాకు చూపించింది ఆవిడ మనవడు సురేంద్ర, మా పడవ నడిపినాయన. తల్లుల్ని వదలాలని చెప్పింది ఆయనే. అమలాపురంలో ఎలా కనిపెట్టారని అడిగితే నా అనుభవమని అబద్ధం చెప్పాను. ఆయన అప్పుడు బయట చెట్టు కింద ఉన్నారు."

 తర్వాత అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన మైకు అందుకుని, "ఇదండీ వినయమంటే. ఎదిగినకొద్దీ మన మూర్తిగారు ఎంత ఒదిగిపోతున్నారో చూడండి. తన విజయాన్ని ఓ సామాన్య మత్స్యకారుడికి అంకితమిచ్చేశారు" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వినయం కాదండి, అబద్ధం చెప్పాను అన్నాను మళ్లీ. ఇంకా గట్టిగా కొట్టారు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టనిది గణేష్‌బాబు ఒక్కడే, మూడో వరసలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. టీ దగ్గర నా పక్కకొచ్చి, "ఆ రోజు నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉందండి శెట్టిగారూ" అని చెప్పి, కప్పు పెట్టేసి వెళ్లాడు.

పేరు మార్పించమని ఉదయ్‌భాస్కర్‌గారిని అడిగాను. నోటిఫికేషన్ మళ్లీ ఇవ్వాలండి, పైకి రాసి చూద్దాం అన్నారు. ఆయన రాస్తారు కూడా. ఎన్నాళ్లకి అన్నది ఆయన చేతుల్లో లేదు.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే నర్సాపురం రేవులో పంటు ఎక్కాను. పక్కనున్న మోటారు సైకిలు సీటు మీద ఎవరో వదిలేసిన పేపరు ఉంది. జిల్లా పేజీలో శాలువాతో నా ఫొటో. "విజయాన్ని మత్స్యకారులకు అంకితమిచ్చిన మూర్తి" అని హెడ్డింగు. మొత్తం వార్తలో సురేంద్ర పేరు లేదు, పెద్దింట్లమ్మ పేరు లేదు. ఒక పేదవాడు అని ఉంది. పేపరు మడిచి దాచబోయేసరికి సురేంద్ర నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"చదివానండి పొద్దున్నే. మీరు చాలా మంచోరని రాశారు" అన్నాడు.

వెటకారం ఉందేమోనని అతని గొంతులో వెతికాను. మొహంలో వెతికాను. ఉంటే బాగుండేది, పట్టుకుని ఏదో ఒకటి అనేవాణ్ణి, తిట్టించుకునేవాణ్ణి. ఎక్కడా లేదు. ఏదో తెలిసినాయన గురించి పేపర్లో చదివితే చెప్పినట్టు చెప్పాడంతే.

"నేను నీ పేరు చెప్పాను సురేంద్రా. మీ నాయనమ్మ పేరు కూడా చెప్పాను. వాళ్లు రాయలేదు."

"ఆయ్, చెప్పే ఉంటారండి" అన్నాడు. నమ్మాడు. నమ్మడం వల్ల కూడా ఏమీ మారలేదు.

సఖినేటిపల్లి వచ్చింది. అతను వెళ్లి గొలుసు వదిలి తలుపు దించాడు. మోటారు సైకిళ్లు ముందు దిగాయి, వాటి వెనక ఓ కొబ్బరికాయల వ్యాను, తర్వాత జనం. నేను శాలువా సంచి పట్టుకుని అందరి తర్వాత దిగాను. అతను అప్పటికే అవతలికి వెళ్లేవాళ్లని రండి రండి అని పిలుస్తున్నాడు. వారం తర్వాత అమావాస్యకి గుంట దగ్గర లెక్కకి నేనొక్కణ్ణే వెళ్లాను.